రెండో బోర్డు మీద సగం పాయింటు



ఆషాఢంలో, మరిడమ్మ తల్లి జాతర జరిగే రోజుల్లో, పెద్దాపురంలో ఒక బడి హాల్లో మా ఊరి పిల్లలకీ రాజమండ్రి పిల్లలకీ చదరంగం పోటీ పెట్టుకున్నాం. జట్టుకు నలుగురు. నాలుగు బోర్డులు, నాలుగు ఆటలు. చివరికి లెక్క రెండు-రెండు. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. పేపర్లో పడే వార్త కాదిది. అయితే ఆ రోజు రెండో బోర్డు మీద జరిగిన ఆట గురించి మా వీధిలో వాదన ఇంకా తెగలేదు. ఆ జట్టుకు కెప్టెన్‌ని నేనే కాబట్టి నన్నే నిలదీస్తున్నారు. వీధి అరుగు మీద నా మాట పూర్తిగా విననివ్వరు. రేడియోలో అయితే మధ్యలో ఎవరూ అడ్డం రారు కదా!

రెండో బోర్డు మీద మా తరఫున ఆడింది పదో తరగతి అమ్మాయి. నల్లపావులు. మంత్రి బంటుతో మొదలయ్యే పాతకాలపు ఆట. ముప్ఫై చిల్లర ఎత్తులు పడ్డాక అటువైపు కుర్రాడు డ్రా అడిగాడు. ఆ పిల్ల నా వంక చూసింది. నేను ‘తీసుకో’ అన్నాను. తీసుకుంది. జరిగింది ఇంతే. బయటికి రాగానే వాళ్ళ తాతగారు పట్టుకున్నారు.

“ఏవండీ మాస్టారూ, మూడు గంటలు కుర్చీకి అతుక్కుపోయి కూర్చుంటే సగం మార్కా? ఇంకాస్త ఆడనిస్తే మీ సొమ్మేం పోయిందండీ?”

ఆయన కోపం నాకు అర్థమవుతుంది. గోదావరి జిల్లాల్లో పుట్టి, సంక్రాంతికి బరి చుట్టూ తిరుగుతూ పెరిగినవాళ్ళం. రెండు పుంజులు దిగితే ఒకటే నిలబడుతుంది. రెండూ బాగానే ఆడాయి, చెరి సగం పంచుకోండి అంటే పందెం కాసినవాళ్ళు ఊరుకోరు. చదరంగాన్ని కూడా మనం ఆ చూపుతోనే చూస్తాం. గెలిచావా, ఓడావా అని అడుగుతాం. డ్రా అయిందంటే, ఓహో ఏమీ అవ్వలేదన్నమాట అనుకుని టీవీ వైపు తిరుగుతాం.

ఏమీ అవ్వలేదన్న ఆ మాటనే నేను ఒప్పుకోను. ఏమయిందో చెబుతాను వినండి.

రేడియోలో బల్ల కనబడదు. ఇంట్లో చదరంగం ఉన్నవాళ్ళు తెచ్చి ముందు పెట్టుకోండి, నెమ్మదిగానే చెబుతాను. లేనివాళ్ళు కాసేపు ఓపిక పట్టండి, ఎత్తులన్నీ పట్టుబడకపోయినా కథ అందుతుంది. పావుల పేర్ల దగ్గర ఇంటింటికీ ఓ పద్ధతి ఉంది. ఇవాళ్టికి నా మాట కానివ్వండి: మూలన ఉన్నది ఏనుగు, పక్కన గుర్రం, ఆ పక్కన వాలుగా పోయేది శకటం, నడుమ రాజూ మంత్రీ, ముందు వరుస బంట్లు.

తెల్లపావుల కుర్రాడు మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు తోశాడు, డి4. మా అమ్మాయి తన మంత్రి బంటును రెండు గళ్ళు తోసింది, డి5. రెండు బంట్లూ ఎదురెదురుగా నిలబడిపోయాయి, ఏదీ ముందుకు కదలలేదు. అప్పుడు తెల్లవాడు పక్క బంటును సి4కి తోసి, కావాలంటే దీన్ని కొట్టుకో అని ఎర చూపించాడు. ఇదే క్వీన్స్ గ్యాంబిట్. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో ఈ పేరుతోనే సీరియల్ రావడంతో చదరంగం తెలియనివాళ్ళకీ పేరు తెలిసింది గానీ, ఎత్తు చాలా పాతది. 15వ శతాబ్దం చివరినాటి గోటింగెన్ చేతిరాత ప్రతిలోనే ఉంది.

ఎరను కొట్టుకుంటే ఒక రకం ఆట, వద్దంటే ఇంకో రకం. మా అమ్మాయి వద్దంది. రాజు ముందున్న బంటును ఒక్క గడి జరిపి, ఇ6లో పెట్టి, డి5 బంటుకు ఊతం ఇచ్చింది. దీన్ని క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డ్ అంటారు. గట్టి ఆట, పరువైన ఆట. కానీ ఒక చిక్కుంది. మీ బల్ల మీద చూడండి, సి8 గడిలో నల్లవాళ్ళ శకటం ఉంది. ఇ6కి వచ్చిన సొంత బంటే దాని దారికి అడ్డం పడింది. ఈ ఓపెనింగ్‌లో నల్లపావులతో కూర్చున్నవాళ్ళ తలనొప్పంతా ఆ ఒక్క శకటమే. దాన్ని బయటికి తేగలిగితే సగం పాయింటు చేతికొచ్చినట్టే. తేలేకపోతే సాయంత్రం దాకా ఇరుకులో కూర్చోవాలి.

తర్వాతి ఎత్తులు ఇద్దరూ చకచకా ఆడేశారు, చదివినవే కాబట్టి. తెల్ల గుర్రం సి3, నల్ల గుర్రం ఎఫ్6. తెల్ల శకటం జి5కి వచ్చి ఆ గుర్రం మీద కన్నేసింది. నల్ల శకటం ఇ7లో కూర్చుని కాపు కాసింది. తెల్ల బంటు ఇ3. మా అమ్మాయి రాజును కోటలో పెట్టింది. తెల్లవాడి రెండో గుర్రం ఎఫ్3, మన రెండో గుర్రం డి7. తెల్ల ఏనుగు సి1కి జరిగింది. మన బంటు సి6.

ఇక్కడ తెల్లవాడు రెండో శకటాన్ని డి3కి తీశాడు. మా అమ్మాయి ఇంతసేపూ కాచుకున్నది ఈ ఎత్తు కోసమే. డి5లో ఉన్న బంటుతో ఇప్పుడు సి4 బంటును కొట్టింది. మొదట వద్దన్నదాన్ని ఇప్పుడెందుకు కొట్టింది? శకటం ఇంట్లో ఉన్నప్పుడే బంటును కొడితే, అది ఒక్క ఎత్తులో వచ్చి తిరిగి కొట్టేస్తుంది. ఇప్పుడు డి3కి ఒక ఎత్తు, అక్కణ్ణుంచి సి4కి ఇంకో ఎత్తు. తెల్లవాడికి ఒక ఎత్తు దండగయింది. చదరంగంలో ఒక ఎత్తు దండగ కావడమంటే చిన్న సంగతి కాదు. అందుకే తెల్లవాడు శకటం తియ్యకుండా, నల్లవాడు బంటు కొట్టకుండా, ఇద్దరూ పనికొచ్చే చిన్నచిన్న ఎత్తులు వేసుకుంటూ నువ్వు ముందా నేను ముందా అని కాచుకుంటారు. పెద్దపెద్ద ఆటగాళ్ళే అక్కడ కూర్చుని గడ్డాలు గోక్కున్నారు.

తెల్ల శకటం సి4లో బంటును కొట్టగానే నల్ల గుర్రం ఎఫ్6 నుంచి డి5కి దూకింది. గుర్రం కదలడంతో ఇ7 శకటమూ, జి5 తెల్ల శకటమూ ముఖాముఖి అయ్యాయి. తెల్లవాడు కొట్టాడు, మన మంత్రి ఇ7లో తిరిగి కొట్టింది. తెల్లవాడు కోటలోకి వెళ్ళాడు. మన గుర్రం సి3లో గుర్రాన్ని కొట్టింది, తెల్ల ఏనుగు దాన్ని కొట్టింది. రెండు జతలు మాయమయ్యాయి. మనవైపు ఇరుకు తగ్గి కాస్త గాలి ఆడింది. అప్పుడు పన్నెండో ఎత్తుగా మా అమ్మాయి ఇ6 బంటును ఇ5కి తోసింది. సి8 శకటానికి అడ్డం తొలగిపోయింది.

ఈ వరస మా అమ్మాయి కనిపెట్టింది కాదు. క్యూబా ఆటగాడు కాపాబ్లాంకా పేరు మీద నూరేళ్ళుగా నడుస్తోంది. 1927లో బ్యూనస్ ఎయిర్స్‌లో ప్రపంచ కిరీటం కోసం కాపాబ్లాంకా, అలెఖిన్ 34 ఆటలు ఆడారు. సెప్టెంబరులో మొదలుపెడితే నవంబరు చివరికి గానీ తేలలేదు. అందులో 32 ఆటలు ఈ క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డే. 25 డ్రాలు. అలెఖిన్ ఆరు గెలిచి, మూడు ఓడి, కిరీటం పట్టుకుపోయాడు. ఇద్దరూ ఒకే ఓపెనింగ్‌ను తెల్లవైపు నుంచీ నల్లవైపు నుంచీ తిప్పితిప్పి ఆడారంటే దాని మీద ఎంత నమ్మకమో చూడండి. చూసేవాళ్ళకు విసుగే, నేను కాదనను. ఆ ఆటలన్నీ నేను వేసుకుని చూశాను. కొన్ని చోట్ల నాకూ కునుకు పట్టింది. కానీ నల్లపావులతో కూర్చుని ఓడకుండా లేవాలంటే ఏం చెయ్యాలో ఆ డ్రాలు నేర్పినంతగా గెలుపులు నేర్పవు.

తాతగారికి ఈ ఓపెనింగ్ మీదే కోపం. ఆయన ఆడేది మన పాత దేశవాళీ పద్ధతి. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా రెండు గళ్ళు దూకదు, ఒక్కొక్క గడే నడుస్తుంది. ఆ పద్ధతిలో పెరిగి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచినవాడు పంజాబు సుల్తాన్ ఖాన్. దొరల పద్ధతి ఆలస్యంగా నేర్చుకుని కూడా 1929లో, 1932లో, 1933లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ఇంగ్లండు జట్టుకు మొదటి బోర్డు మీద ఆడాడు. 1931లో ప్రేగ్‌లో జరిగిన చదరంగం ఒలింపియాడ్‌లో, అప్పటి ప్రపంచ విజేత అలెఖిన్‌తో డ్రా చేశాడు. ఈ సంగతి చెబితే తాతగారు “అదే మరి, దొరల పద్ధతిలో పడ్డాడు కాబట్టి డ్రా అయింది” అన్నారు. ఆయనతో వాదించి గెలవడం అలెఖిన్ వల్ల కూడా కాదు.

మళ్ళీ ఆటలోకి. ఇ5 దగ్గర బంట్లు మారాయి, గుర్రాలూ మారాయి, మన మంత్రి నడిబొడ్డున ఇ5లో నిలబడింది. తెల్లవాడు ఊరుకోలేదు. ఎఫ్ బంటును ఎఫ్4కి తోసి మంత్రిని అదిలించాడు. మంత్రి ఇ4కి పోయింది. అతను తన మంత్రిని ఇ2లోకి తెచ్చాడు, శకటంతో మన మంత్రిని తరుముదామని. అప్పటికి సి8 శకటం ఎఫ్5కి వచ్చేసింది. తెల్ల శకటం డి3, మన మంత్రి డి5. తెల్లవాడు ఇ4 తోశాడు. ఒక్క బంటు మంత్రినీ శకటాన్నీ రెండింటినీ పొడిచింది! హాల్లో వెనక నిలబడ్డవాళ్ళలో ఎవరో ‘అయిపోయింది’ అన్నట్టు నాలుక చప్పరించారు.

అమ్మాయి తొణకలేదు. మంత్రిని డి4లో పెట్టి రాజుకు చెక్ చెప్పింది. ఎఫ్ బంటు ముందుకు పోయింది, ఇ బంటు ముందుకు పోయింది, ఆ వాలుగీత జి1లో ఉన్న రాజు దాకా బారుగా తెరుచుకుని ఉంది. తెల్లవాడు మంత్రిని ఎఫ్2లో అడ్డం పెట్టాడు. మంత్రి మంత్రిని కొట్టింది, చెక్‌తోనే. రాజే వచ్చి దాన్ని కొట్టాడు. అప్పుడు తీరిగ్గా మన శకటం డి7కి వెనక్కి వచ్చేసింది. పోయిందనుకున్నది ఏదీ పోలేదు. ఇరవై ఎత్తులయ్యేసరికి చెరో రెండు ఏనుగులు, చెరో శకటం, చెరో ఆరు బంట్లు. బయట జాతర మైకు మోగుతోంది. పంకా తిరుగుతున్నా ఇద్దరి నుదుటా చెమటే.

ఇది పాఠమే కదా, బట్టీ పట్టేసింది కదా అనవచ్చు మీరు. పాఠం కొంతవరకే వస్తుంది. ఆ తర్వాత పది పన్నెండు ఎత్తులు ఎవరి బుర్రతో వాళ్ళు ఆడుకోవాలి. తెల్లవాడికి రాజు వైపు నాలుగు బంట్లకు మన మూడు ఎదురు. మంత్రి వైపు మన మూడింటికి అతని రెండు. అతను ఇ, ఎఫ్ బంట్లను కలిపి తోస్తే మనకు ఇబ్బంది. అందుకని ఆ పిల్ల ఏనుగును డి వరసలో నిలబెట్టి, అతని ఏనుగును పిలిచి, ఒక జత మార్చేసింది. రాజును కోటలోంచి నడుమకు నడిపించింది. మంత్రులు పోయాక రాజును దాచకూడదు, నడిపించాలి. చిన్నపిల్లలకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా భయంతో మూలకే అతుక్కుంటారు. ఈ పిల్ల నడిపించింది. అక్కడికి చేరాక అతను చెయ్యి చాచి డ్రా అడిగాడు.

ఇప్పుడు మిగతా మూడు బోర్డుల సంగతి చెప్పాలి. జట్టు ఆటలో అసలు విషయం అదే.

నాలుగో బోర్డు మీద మా బుడతడు తొందరపడి గుర్రం పోగొట్టుకుని ఎప్పుడో ఓడిపోయాడు. మొదటి బోర్డు మావాడు గెలిచాడు. ఒకటి-ఒకటి. మూడో బోర్డు మీద మావాడికి ఏనుగుల ఎండ్‌గేమ్, ఒక బంటు ఎక్కువ. అక్కడ ఓడే ప్రశ్న లేదు. గెలవొచ్చు, గెలవకపోవచ్చు. రెండో బోర్డు మీద ఏ వైపూ మొగ్గు లేదు. అమ్మాయి డ్రా తీసుకుంటే ఒకటిన్నర-ఒకటిన్నర. మూడో బోర్డు గెలిస్తే పోటీ మాది, లేకపోతే రెండు-రెండు, ఏ రకంగానూ ఓటమి లేదు. తీసుకోకుండా లేని గెలుపు కోసం బంట్లు తోసుకుంటూ పోతే? ఆమె ఓడితే, మూడో బోర్డు గెలిచినా రెండే, గెలవకపోతే ఒకటిన్నరే. ఈ లెక్క చూసే ‘తీసుకో’ అన్నాను.

ఆ ఒక్క మాట తప్ప నేను ఇంకేమీ అనడానికి లేదు. జట్టు పోటీల్లో కెప్టెన్‌కు అంతర్జాతీయ సమాఖ్య పెట్టిన హద్దు చాలా ఇరుకైనది. డ్రా అడుగు, డ్రా తీసుకో, ఆట వదిలెయ్ అని చెప్పవచ్చు. తీసుకోనా అని ఆటగాడు అడిగితే అవుననో కాదనో, నీ ఇష్టమనో అనవచ్చు. అంతకుమించి నోరు విప్పకూడదు. నీ స్థితి బాగుంది అనకూడదు. మూడో బోర్డు మీద మనకు బంటు ఎక్కువుంది అనకూడదు. కారణం చెప్పకుండా సలహా చెప్పాలి, కారణం అడక్కుండా వినాలి. ఈ పిల్ల తెలివైంది. డ్రా మాట రాకముందే, తన ఎత్తు వేసి, మంచినీళ్ళకని లేచి, వచ్చేటప్పుడు మూడో బోర్డు పక్కనుంచి నడిచి ఓ చూపు చూసి వచ్చింది. నేను ‘తీసుకో’ అన్నప్పుడు ఆమెకు ఎందుకో తెలుసు. తెలిసినట్టు మొహంలో కనబడనివ్వలేదు.

మూడో బోర్డు? ఏనుగుల ఎండ్‌గేమ్ కదా. బంటు ఎక్కువున్నా గెలుపు దొరకలేదు, ఇంకో గంట ఆడాక డ్రా అయింది. రెండు-రెండు. తాతగారి వాదన ఇక్కడే ఊపందుకుంది. “చూశారా, మా పిల్ల ఆడుంటే రెండున్నర అయ్యేది!” జరిగిపోయాక లెక్క ఎవరైనా చెప్పగలరు. డ్రా అడిగిన నిమిషానికి మూడో బోర్డు ఏమవుతుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఈ లెక్క ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. ఒలింపియాడ్‌లలో 2006 వరకూ ఏ జట్టుకు ఎన్ని ఆటల పాయింట్లు అన్నదే ముందు చూసేవారు. నాలుగు-సున్నా గెలిస్తే నాలుగు, రెండున్నర-ఒకటిన్నర గెలిస్తే రెండున్నర. ప్రతి సగానికీ ఒకే విలువ. 2008లో డ్రెస్డెన్‌లో పద్ధతి మార్చారు. పోటీ గెలిస్తే రెండు పాయింట్లు, సమమైతే ఒకటి, ఓడితే సున్నా. నాలుగు-సున్నా అయినా రెండే, రెండున్నర-ఒకటిన్నర అయినా రెండే. దాంతో సగం పాయింట్లన్నీ ఒక్క విలువ కాకుండా పోయాయి. మూడు-సున్నా మీద ఉన్నప్పుడు నాలుగో బోర్డు డ్రా అయినా, ఓడినా పెద్ద తేడా లేదు. రెండు-ఒకటి మీద ఉన్నప్పుడు అదే సగం మొత్తం పోటీని తెచ్చిపెడుతుంది. నీ సగం విలువ ఎంతో నీ బల్ల మీద తెలియదు, పక్క బల్ల మీద తెలుస్తుంది. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. పాత లెక్కే న్యాయం అనేవాళ్ళూ ఉన్నారు. చిన్నదేశాన్ని నాలుగు-సున్నా కొట్టి పాయింట్లు మూటగట్టుకోవడంలో న్యాయం ఏముందో నాకు బోధపడదు.

2024 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 45వ ఒలింపియాడ్. భారత జట్టులో గుకేశ్, ప్రజ్ఞానంద, విదిత్‌లతో పాటు మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి, గుంటూరు నుంచి వచ్చిన పెంటేల హరికృష్ణ ఉన్నారు. వరసగా ఎనిమిది రౌండ్లు గెలిచి తొమ్మిదో రౌండులో ఉజ్బెకిస్తాన్ ముందు కూర్చున్నారు. ఆ ఉజ్బెక్‌లు అంతకుముందు 2022లో మామల్లపురంలో బంగారం పట్టుకుపోయినవాళ్ళు. ఆ రోజు నాలుగు బోర్డులూ డ్రా. రెండు-రెండు. ఎనిమిది గెలుపుల జోరు ఆగిందని ఆ రాత్రి కొందరు పెదవి విరిచారు. చివరికి లెక్క చూస్తే 22కి 21 పాయింట్లు, బంగారం, బల్ల ముందు కూర్చుని ఆడే ఒలింపియాడ్‌లో మన దేశానికి మొట్టమొదటి బంగారం. పోయిన ఆ ఒక్క పాయింటూ ఉజ్బెకిస్తాన్ దగ్గరే. అర్జున్ 11 ఆటల్లో పది పాయింట్లు తెచ్చి మూడో బోర్డు మీద విడిగా బంగారం కొట్టాడు. అతనికీ ఆ రోజు సగమే వచ్చింది. అంత దూకుడుగా ఆడేవాడు సగంతో లేచాడంటే, వేరే దారి లేకనే కదా!

అదే రోజు అమ్మాయిల పోటీ ఇంకా ఇరుకున పడింది. ఆ జట్టులో మన గుంటూరు ద్రోణవల్లి హారిక ఉంది. ముందు రౌండులో పోలండ్ చేతిలో ఓడారు. తొమ్మిదిలో అమెరికాతో రెండు-రెండు. అక్కడ ఇంకో సగం పోయుంటే కథ వేరే. ఆ ఒక్క పాయింటు పట్టుకుని పదో రౌండులో చైనాను, ఆఖరున అజర్‌బైజాన్‌ను గెలిచి 19 పాయింట్లతో వాళ్ళూ బంగారమే తెచ్చారు. వెనక వచ్చిన కజకిస్తాన్‌కు 18. ఆ ఒక్క పాయింటు తేడాలో అమెరికా మీద వచ్చిన ఆ రెండు-రెండు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకొకటి, 2020. కోవిడ్ రోజులు. ఒలింపియాడ్ ఇంటర్నెట్ మీద పెట్టారు. జట్టుకు ఆరు బోర్డులు: ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక కుర్రాడు, ఒక అమ్మాయి. సెమీఫైనల్లో పోలండ్‌తో తేలక, చివరి ఒక్క ఆట మీదికి వస్తే, మన కోనేరు హంపి గెలిచి జట్టును గట్టెక్కించింది. ఫైనల్లో రష్యా. మొదటి పోటీలో ఆరు ఆటలూ డ్రా, మూడు-మూడు. రెండో పోటీ మధ్యలో మనవాళ్ళకు ఇంటర్నెట్ తెగిపోయి ఇద్దరు టైము మీద ఓడిపోయారు. గొడవ సమాఖ్య దాకా వెళ్ళి, చివరికి రెండు జట్లకూ బంగారం అన్నారు. ఆ ఆరు డ్రాలలో ఒక్కటి అటు ఒరిగినా రెండో పోటీకి ముందే రష్యా వెయ్యి అడుగులు ముందుండేది.

మన పాత కథల్లో మాత్రం డ్రాకు చోటు లేదు. బొడ్డుచర్ల తిమ్మన మీద చాటువు మీలో చాలామంది వినే ఉంటారు. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగం ఆడి గెలిచేవాడట. వందమంది ఒక్కటై ఎదురుగా కూర్చున్నా లెక్కచెయ్యడట. అది కూడా జట్టు ఆటే, వందమంది ఒకవైపు, తిమ్మన ఒకవైపు. రాయలవారితో రోజూ సమంగా తేల్చుకుని లేచే ఆటగాడు ఇంకెవరైనా ఆ కొలువులో ఉన్నాడేమో, వాడి మీద చాటువు కట్టడానికి ఏ కవికీ చెయ్యి ఆడి ఉండదు.

మా పోటీ సంగతికొస్తే, ఆ పిల్ల ఆటలో నాకూ ఒక్కచోట అభ్యంతరం ఉంది, అది డ్రా దగ్గర కాదు. ఏనుగుల జతను మార్చుకోవడానికి రెండు ఎత్తులు ముందు ఆమె గడియారం మీద బాగా టైము పోగొట్టుకుంది. అక్కడ ఆలోచించాల్సిందేమీ లేదు, వేరే ఎత్తు లేదు కూడా. ఆ నిమిషాలు మిగుల్చుకుని ఉంటే కుర్రాడు డ్రా అడిగేటప్పుడు ఇంకాస్త వెనకాడేవాడు. రాజమండ్రి కుర్రాడు బుద్ధిమంతుడు. ఆట అయ్యాక పావులు తీసెయ్యకుండా ఇద్దరూ అక్కడే కూర్చుని, ఇ4 బదులు శకటాలు మార్చేసి ఉంటే ఎలా ఉండేదని ఎత్తులు వెనక్కీ ముందుకీ తిప్పుకున్నారు. వాళ్ళను లేపి పంపడానికి హాలు తాళం వేసే ఆయన మూడుసార్లు రావాల్సి వచ్చింది.

తాతగారు ఇంకా మెత్తబడలేదు. ఇరవయ్యో ఎత్తు దగ్గర తన మనవరాలికే పైచెయ్యి అని ఆయన పట్టు. అందుకని ఆ స్థితి చెబుతాను, కాగితం మీద రాసుకోండి. తెల్లవైపు రాజు ఎఫ్2, ఏనుగులు సి3, ఎఫ్1, శకటం డి3, బంట్లు ఎ2, బి2, ఇ4, ఎఫ్4, జి2, హెచ్2. నల్లవైపు రాజు జి8, ఏనుగులు ఎ8, ఎఫ్8, శకటం డి7, బంట్లు ఎ7, బి7, సి6, ఎఫ్7, జి7, హెచ్7. ఎత్తు తెల్లవాడిది. నల్లవైపు నుంచి ఇందులో గెలుపు దారి కనబడినవాళ్ళు ఆకాశవాణికి ఉత్తరం రాయండి. నేనే తీసుకెళ్ళి పెద్దాపురంలో తాతగారికి చదివి వినిపిస్తాను.